ఫొటో కింద ఆ నాలుగక్షరాలు దేనికి?

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం పేజీల్లో, విద్యార్థుల కోసం వేసే ప్రత్యేక పేజీల్లో ఈమధ్య ఒక అలవాటు బాగా పెరిగింది. జర్మన్ తత్వవేత్త కాంట్, న్యూటన్, డార్విన్ లాంటివారి బొమ్మ వేసి, పుట్టిన సంవత్సరం పక్కనే ‘వ్యక్తిత్వ రకం: ఐఎన్‌టీజే’ అనో ‘ఐఎన్‌టీపీ’ అనో అచ్చువేస్తున్నారు. మయర్స్-బ్రిగ్స్ అనే వ్యక్తిత్వ పరీక్షలో మనిషి స్వభావానికి ఇచ్చే గుర్తులివి; మొదటి ‘ఐ’ అంటే అంతర్ముఖుడని. పుట్టిన సంవత్సరానికి కాగితం మీద రుజువుంది. ఈ అక్షరాలు ఎక్కడి నుంచి వచ్చాయో ఎవరూ చెప్పరు. పిల్లలు మాత్రం రెండింటినీ ఒకే నమ్మకంతో బట్టీపడుతున్నారు. నా దగ్గర చదివే ఒక అమ్మాయి తన ప్రాజెక్టులో ‘కాంట్ ఐఎన్‌టీపీ కాబట్టి ఎవరితోనూ కలిసేవాడు కాదు’ అని రాసింది.

నిజానికి కాంట్ ఇంట మధ్యాహ్న భోజనమంటే గంటల తరబడి సాగే కబుర్లు. అతిథులు లేకుండా ఆయన కూర్చునేవారు కాదు. బల్ల దగ్గర ముగ్గురికి తగ్గకూడదు, తొమ్మిది మందికి మించకూడదని, తత్వచింతన చేసేవాడికి ఒంటరి భోజనం ఆరోగ్యానికి చేటని 1798లో అచ్చయిన పుస్తకంలో స్వయంగా రాశారు. చదువుకునే రోజుల్లో బిలియర్డ్స్ బాగా ఆడేవారు. 1760ల తొలినాళ్లలో ఆయన పాఠాలు విన్న హెర్డర్, ఆ ఉల్లాసాన్ని, చమత్కారాన్ని తర్వాతెప్పుడో తలుచుకుని మరీ మెచ్చుకున్నారు. మరి ఊరివాళ్లు గడియారాలు సరిచేసుకునేంత నియమంగా నడిచే ఏకాంతజీవి బొమ్మ ఎక్కడిది? ఆ కథకు ప్రచారం తెచ్చింది కవి హైన్రిష్ హైన. కాంట్ పోయిన మూడు దశాబ్దాలకు రాశారాయన. చివరి రోజుల్లో కాంట్ బాగోగులు చూసిన వాసియాన్‌స్కీ లాంటివారి జ్ఞాపకాల్లోనూ కనిపించేది ముసలి కాంటే. ఎనభై ఏళ్ల జీవితంలో ఏ కాంట్‌కు ఈ అక్షరాలు తగిలించాలి?

ఈ రకాలకు మూలం 1921లో మనస్తత్వవేత్త కార్ల్ యుంగ్ రాసిన పుస్తకం. దాని ఆధారంగా కాథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మయర్స్ కలిసి ప్రశ్నపత్రం తయారుచేశారు. ప్రశ్నపత్రమంటే ఎవరి జవాబులు వారే ఇవ్వాలి కదా. చనిపోయినవారి తరఫున ఇంకెవరో ఊహించి రాస్తే అది ఆ పరీక్షే కాదు. యుంగ్ తన పుస్తకంలో డార్విన్‌ను బహిర్ముఖ చింతనకు ఉదాహరణగా చూపారు. ఇప్పటి జాబితాల్లో అదే డార్విన్ తరచు అంతర్ముఖుడు.

సోక్రటీస్ సంగతి మరీ కష్టం. ఆయన ఒక్క అక్షరమూ రాయలేదు. ప్లేటో చూపిన సోక్రటీస్ వేరు, జెనొఫోన్ చూపినవాడు వేరు, అరిస్టొఫేనీస్ నాటకంలో నవ్వులపాలైనవాడు వేరు. ఎవరి రాతను నమ్మితే వారి సోక్రటీసే మన చేతికొస్తాడు.

ఆధారాలు చాలని చోట ఊహకు దిగితే ఏమవుతుందో ఒకసారి తేలిపోయింది కూడా. 1926లో కాథరిన్ కాక్స్ అనే మనస్తత్వవేత్త 301 మంది చారిత్రక ప్రముఖుల తెలివికి అంకెలు కట్టారు. బాల్యం గురించి పెద్దగా రికార్డు దొరకని కోపర్నికస్‌కు తక్కువ అంకె వచ్చింది. తక్కువ ఉన్నవి కాగితాలు, తగ్గింది మనిషి తెలివి! బతికున్న ప్రముఖుల విషయంలోనే, స్వయంగా పరీక్షించకుండా మానసిక స్థితి గురించి వృత్తిపరమైన అభిప్రాయం చెప్పకూడదని అమెరికా మానసిక వైద్యుల సంఘం 1973లో నియమం పెట్టుకుంది. వైద్యులే అంత జాగ్రత్త పడుతుంటే మనకెందుకీ తొందర?

పిల్లలకు ఆసక్తి కలుగుతుందనే వేస్తున్నామని మీరు అనవచ్చు. ఆసక్తి కలిగించే నిజాలకు కొదవేముంది? 1696లో టంకశాల వార్డెన్‌గా వెళ్లిన న్యూటన్ దొంగనాణేల ముఠాల వెంటపడి, సాక్షులను తనే కూర్చోబెట్టి విచారించారు. విలియం చాలొనర్ అనే ఘరానా దొంగనాణేలవాణ్ని 1699లో ఉరికంబం దాకా తీసుకెళ్లారు. ఈ ఒక్క సంగతి చెబితే పిల్లలు ఇంకా చెప్పమని వెంటపడతారు.

అందుకే నా విన్నపం. ఆ గడి తీసేయండి. అక్కడ ఆ వ్యక్తి రాసిన ఉత్తరంలోంచి నాలుగు వాక్యాలు, తేదీతో సహా వేయండి. డార్విన్ రాసినవీ అందుకున్నవీ కలిపితేనే 15,000కు పైగా ఉత్తరాలు దొరుకుతున్నాయి. గడి ఉండాల్సిందే అనుకుంటే, ఇది ఊహ అని, ఎవరి ఊహో, ఏ పత్రాలు చూసి చేశారో అందులోనే, అదే సైజు అక్షరాల్లో రాయండి.

ఇట్లు,
చరిత్ర పాఠాలు చెప్పే ఒక పాఠకురాలు