విత్తనం పొట్లం మీద పేరు సరిగా రాయండి

సంపాదకులకు,

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల దేశీ విత్తనాల సంతలకు ఇప్పుడు మంచి ఆదరణ ఉంది. సంతోషించాల్సిన విషయమే. కానీ అక్కడి పొట్లాల మీద రాతలు చూస్తే దిగులేస్తుంది. ‘నాటు గోంగూర’, ‘పాత మినుము’, ‘పొట్టి మిరప’ అని రాసి ఊరుకుంటారు. ఏ ఊరిదో, ఏ ఏటి పంటో ఉండదు. శాస్త్రీయ నామం అసలే ఉండదు. అలాంటి పొట్లం రేపు విత్తనాలను ఏళ్ల తరబడి భద్రపరిచే జీన్ బ్యాంకుకు చేరినా, పదేళ్ల తర్వాత దాన్ని వెతికి పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

గుంటూరు అంటే గోంగూర గుర్తుకొస్తుంది కదా, దానితోనే మొదలుపెడతాం. ఆ పేరుతో మనం వాడే మొక్కలు రెండు వేర్వేరు జాతులు. ఒకటి హైబిస్కస్ సబ్డరిఫా, రెండోది హైబిస్కస్ కన్నాబినస్. నార పంటల వాళ్లు ఈ రెండింటినీ మెస్తా అనే అంటారు కాబట్టి చిక్కు ఇంకాస్త పెరుగుతుంది. చాలామంది ఆకు చూసి తేల్చేస్తారు, తప్పు అక్కడే జరుగుతుంది. రెండింటిలోనూ చీలిన ఆకులుంటాయి, చీలని ఆకులూ ఉంటాయి. కాయ వచ్చేదాకా ఆగి చూడాలి. సబ్డరిఫాలో పువ్వు కింది రక్షక పత్రాలు ఎదిగి, కండపట్టి, పుల్లగా తయారై కాయను కప్పేస్తాయి. కన్నాబినస్‌లో అవి కండపట్టవు, ఎండి గరుకుగా నూగుతో ఉంటాయి. తేడా పైపైది కూడా కాదు. కన్నాబినస్‌కు క్రోమోజోములు 36, సబ్డరిఫాకు 72. అందుకే రెండింటినీ సంకరం చేయడం చాలా కష్టం. పొట్లం మీద ఒక జాతి పేరు రాసి లోపల రెండోది పెడితే, తెగులు తట్టుకునే రకం కోసం దాన్ని తెప్పించుకున్న పరిశోధకుడి సీజనంతా వృథా.

మినుము, పెసర సంగతి ఇంకా పాత తగాదా. మినుముకు 1767లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ పెట్టిన పేరు ఫేసియోలస్ ముంగో. 1956లో హెప్పర్ అనే వృక్షశాస్త్రవేత్త దాన్ని విగ్నా ప్రజాతిలోకి (ప్రజాతి అంటే దగ్గరి జాతుల గుంపు, శాస్త్రీయ నామంలో మొదటి మాట) మార్చాక విగ్నా ముంగో అయింది. పెసరకు 1753 నాటి ఫేసియోలస్ రేడియేటస్ అన్న పేరు 1954లో విగ్నా రేడియేటాగా మారింది. ‘ముంగో’ అన్న మాట వినగానే హిందీ మూంగ్ గుర్తొస్తుంది కాబట్టి, కొన్ని పాత పుస్తకాల్లో అదే పేరు పెసరకు తగిలించారు. కనుక పాత జాబితాలో ‘ఫేసియోలస్ ముంగో’ అని కనబడితే అది మినుమో పెసరో గింజ చూస్తే తప్ప తెలియదు. గింజ కన్ను, అంటే కాయకు అతుక్కున్న చోట తెల్లమచ్చ, మినుములో అంచు ఉబ్బి మధ్యలో గుంటపడి ఉంటుంది. పెసరలో చదునుగా ఉంటుంది. చేలో అయితే మినుము కాయలు నిటారుగా, పొడవాటి నూగుతో నిలబడతాయి. పెసర కాయలు పక్కలకు చాచుకుని గానీ కిందికి వాలి గానీ ఉంటాయి, నూగు పొట్టిగా ఉంటుంది. కృష్ణా డెల్టా మాగాణుల్లో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు మినుము చల్లే రైతుకు పల్లాకు తెగులు ఎంత నష్టం చేస్తుందో చెప్పక్కర్లేదు. దాన్ని తట్టుకునే గుణం కోసం వెతకాల్సింది ఇలాంటి పాత సేకరణల్లోనే.

పేర్లు ఎందుకు మారుస్తారని చాలామంది విసుక్కుంటారు. మొక్కల నామకరణ నియమావళి 1753 నుంచి లెక్క మొదలుపెట్టి, చెల్లుబాటయ్యే పేర్లలో అన్నిటికన్నా పాతదానికి పెద్దరికం ఇస్తుంది. ప్రజాతి మారితే జాతి పేరు వెంట వస్తుంది, పాత పేరు పర్యాయనామంగా మిగులుతుంది. ఇందులో ఎవరి ఇష్టాయిష్టాలూ లేవు. వెతికేవాళ్లు మాత్రం పాత పేరుతోనూ కొత్త పేరుతోనూ వెతకాలి. సజ్జ పాత పుస్తకాల్లో పెన్నిసెటం టైఫాయిడిస్, తర్వాత పెన్నిసెటం గ్లాకం, ఇప్పుడు చాలామంది రాసేది సెంక్రస్ అమెరికానస్. సామ, వరిగల విషయంలో మరీ జాగ్రత్త అవసరం. పాత పుస్తకాల్లో సామను పానికం మిలియేర్ అన్నారు, ఇప్పటి పేరు పానికం సుమత్రెన్స్. వరిగ పానికం మిలియేసియం. మిలియేర్, మిలియేసియం అన్న మాటల చివర తొందరలో పొరపాటు పడితే పంటే మారిపోతుంది.

ఇక మిరప. 2021-22 సీజన్‌లో నల్ల తామర పురుగు మన మిరప పూతను ఎలా మాడ్చిందో గుంటూరు జిల్లా రైతు మర్చిపోలేడు. తట్టుకునే గుణాన్ని వెతకాలంటే మన దగ్గరి కాప్సికం ఆన్యువమ్ రకాలొక్కటే చాలవు. సాగులో ఉన్న మిగతా నాలుగు జాతులు ఫ్రుటెసెన్స్, చైనెన్స్, బకాటం, ప్యూబెసెన్స్ కూడా చూడాలి. చిక్కేమిటంటే, 2004లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ పంట జన్యువనరుల ఒప్పందం కింద దేశాలు ఒకే నమూనా పత్రంతో సులభంగా పంచుకునే 64 పంటల జాబితాలో మిరప లేదు. మినుము, పెసర, కంది, శనగ, రాగి, సజ్జ, జొన్న, వంగ ఉన్నాయి. మిరప, వేరుశనగ, టమాటా లేవు. వేరుశనగ సంగతి కొంత నయం. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ లాంటి అంతర్జాతీయ కేంద్రాలు ఒప్పందానికి ముందే సేకరించిన విత్తనాన్ని జాబితాలో లేని పంటలకూ అదే పత్రంతో ఇస్తాయి. మిరపకు దేశంతో దేశం విడిగా మాట్లాడుకోవాల్సి రావచ్చు. దిగుమతి అనుమతి, క్వారంటైన్ పరీక్ష ఎలాగూ తప్పవు. మిరప మీద బతికే మన జిల్లా ప్రజాప్రతినిధులు ఆ జాబితాలో మిరపను చేర్పించమని కేంద్రాన్ని గట్టిగా అడగాలని మా కోరిక. ఇంతవరకు ఆ మాట ఎన్నికల సభల్లో మాకు వినబడలేదు.

మిరప గింజ సేకరించేవాళ్లు ఇంకో తప్పు చేస్తుంటారు. కల్లంలో ఎండిన కాయల్లోంచి నాలుగు తీసి ‘నాటు రకం’ అని రాసేస్తారు. మిరపలో తేనెటీగల వల్ల పరపరాగ సంపర్కం బాగానే జరుగుతుంది. అందుకే వేరే మిరప చేలకు ధ్రువీకరించిన విత్తనమైతే 200 మీటర్లు, మూల విత్తనమైతే 400 మీటర్ల ఎడం ఉండాలని పెట్టారు. పక్క చేలో హైబ్రిడ్ ఉంటే ఆ గింజ నాటుది కాదు. పూత విప్పకముందే కొమ్మకు పల్చటి వల సంచి కట్టి, ఆ కొమ్మ కాయలే తీయాలి. ఒక్క చెట్టుతో సరిపెట్టకుండా కనీసం 30 నుంచి 50 చెట్ల నుంచి తీస్తేనే రకంలోని వైవిధ్యం వస్తుంది.

గింజను నీడలో ఆరబెట్టాలి. జీన్ బ్యాంకులో తేమను 5 నుంచి 7 శాతానికి దించి, అల్యూమినియం సంచిలో సీలు వేసి, మైనస్ 18 డిగ్రీల దగ్గర దాస్తారు. తేమ ఒక్క శాతం తగ్గితే గింజ ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుంది. తడి గింజను అలాగే గడ్డకట్టిస్తే లోపలి నీరు మంచై మొలకను చంపేస్తుంది. మందు కలిపిన గింజ పంపకూడదు. పుచ్చు పురుగు తగిలిన అపరాలు అసలే వద్దు.

పొట్లం మీద ఈ వివరాలుండాలి: తెలుగు పేరు ఆ ఊళ్లో పలికినట్టే, శాస్త్రీయ నామం, ఊరు, మండలం, జిల్లా, ఫోన్‌లో చూపే అక్షాంశ రేఖాంశాలు, కోసిన నెల, సంవత్సరం, ఎన్ని చెట్ల నుంచి తీశారో. పేరు మీద అనుమానముంటే ఊహించి రాయొద్దు, ప్రజాతి వరకే రాసి ఆపండి. తప్పు పేరు కన్నా సగం పేరు మేలు. పువ్వూ కాయా ఉన్న ఒక కొమ్మను వార్తాపత్రికల మధ్య అదిమి, మొదటి వారం రోజూ కాగితాలు మార్చి ఆరబెట్టి, 42 సెంటీమీటర్ల పొడవు, 29 వెడల్పు అట్ట మీద అంటించి పొట్లం నంబరే దానికీ వేయాలి. మన తేమ గాలికి కాగితం మార్చకపోతే బూజు పట్టేస్తుంది. తర్వాత ఎవరు పేరు సరిచూడాలన్నా ఆధారం ఆ అట్టే.

విత్తనం జీన్ బ్యాంకుకు ఇస్తే హక్కు పోతుందని కొందరు రైతులు భయపడుతున్నారు. 2001 నాటి మొక్కల రకాలు, రైతు హక్కుల పరిరక్షణ చట్టంలోని 39వ సెక్షన్ ప్రకారం రైతు తన పంట విత్తనాన్ని దాచుకోవచ్చు, పంచుకోవచ్చు, బ్రాండు పేరు లేకుండా అమ్ముకోనూ వచ్చు. రైతు రకంగా నమోదు కూడా చేయించుకోవచ్చు. ఢిల్లీలోని జాతీయ మొక్కల జన్యువనరుల సంస్థ దేశీ సేకరణలకు ఇచ్చే ఐసీ నంబరును పొట్లం ఇచ్చినవాళ్లు తప్పకుండా రాసి ఉంచుకోవాలి. వరదలో ఇంట్లో విత్తనం పోయినా, మళ్లీ అడగడానికి చేతిలో ఉండేది ఆ నంబరే.

లాం, బాపట్ల వ్యవసాయ విద్యార్థులు ఇద్దరు ముగ్గురు సంత జరిగే రోజున ఒక బల్ల వేసుకుని, హ్యాండ్ లెన్సు పెట్టుకుని కూర్చుని, వచ్చిన ప్రతి పొట్లం పేరు సరిచూసి రాసిస్తే బాగుంటుంది. వచ్చే సంతకే అలా ఏర్పాటు చేయమని నిర్వాహకులను కోరుతున్నాం.

— వృక్షశాస్త్ర అధ్యాపకులు కొందరు,
గుంటూరు