‘లెట్’ అంటే అనుమతి కాదు, అడ్డంకి

సంపాదకులు గారికి నమస్కారం.

పాత ఇంగ్లీషు మాటలకు అర్థాలు చెబుతూ మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం గురించి ఈ లేఖ. మర్నాడో ఆ మర్నాడో సవరణ వేస్తారని చూశాను. వేయలేదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లలకు ఇంగ్లీషు చెప్పినవాణ్ణి కనుక ఊరుకోలేక రాస్తున్నాను.

‘వితౌట్ లెట్ ఆర్ హిండ్రన్స్’లోని ‘లెట్’కు అనుమతి అని అర్థం ఇచ్చారు. ‘అనుమతి గానీ ఆటంకం గానీ లేకుండా’ అంటే ఏమవుతుందో మీ ఆఫీసులో ఒక్కరైనా ఆలోచించారా? పాత ఇంగ్లీషులో వేర్వేరు క్రియలు రెండుండేవి. ఒకదానికి వదలడం, ఒప్పుకోవడం అని అర్థం. రెండోదానికి అడ్డుకోవడం అని. పోనుపోను రెండూ ఒకే స్పెల్లింగులోకి వచ్చాయి. అడ్డుకోవడమనే ‘లెట్’ జనం నోట పోయి, పత్రాల్లో మిగిలింది. పిల్లలు అమెరికాలో ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ మాట ఉంది. పాస్‌పోర్టు తెరిచి, రాష్ట్రపతి పేరిట ఉన్న నాలుగు పంక్తులు చదవండి. ఇంగ్లీషులో రాసే క్రయ దస్తావేజుల్లోనూ తరచూ ఇదే మాట. మన దస్తావేజు లేఖరులు ‘ఎవరివలనా ఏ ఆటంకమూ లేకుండా పుత్రపౌత్ర పారంపర్యంగా’ అని తెలుగులో రాసేది ఆ భరోసానే.

‘దౌ’ మర్యాద మాట అనడం ఇంకా అన్యాయం. మనకు నువ్వు, మీరు ఎలాగో ఒకప్పుడు వాళ్లకు ‘దౌ’, ‘యూ’ అలాగ. చనువున్నవాళ్లనూ, పిల్లలనూ, కిందివాళ్లనుకున్నవాళ్లనూ ‘దౌ’ అనేవారు. 1603లో, ఎలిజబెత్ రాణి కొలువులో వెలిగిన సర్ వాల్టర్ రాలీ మీద రాజద్రోహ విచారణ జరిగినప్పుడు అటార్నీ జనరల్ ఎడ్వర్డ్ కోక్ నిండు సభలో ఆయన్ను ‘దౌ’ అన్నాడు, అలా అంటున్నానని చెప్పి మరీ అన్నాడు. అంతటి మనిషిని ఏకవచనంతో పిలిచి అవమానించాలనే. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో దేవుణ్ణి ‘దౌ’ అన్నారు గనక, మాట వాడుక తప్పాక అది భక్తిగా వినబడసాగింది. మన కీర్తనల్లో దేవుణ్ణి నువ్వనే కదా పిలుచుకుంటాం! తెలుగువాడికి ఒక్క వాక్యంలో బోధపడే సంగతిని తలకిందులు చేశారు.

ఒక మాటకు అర్థం తప్పితే ఏం మునిగిపోయిందంటారా? మా వీధిలో కుట్టుపని చేసుకునే ఒకావిడ కొట్టు అద్దెకు తీసుకుందామని ఒప్పందం కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. పేజీ పేజీకీ ‘డిమైజ్డ్ ప్రెమిసెస్’. ఫోన్లో చూస్తే డిమైజ్ అంటే చావు అని వచ్చిందట. ఆ కొట్లో ఎవరో పోయారని, అది దాచి తనకు అంటగడుతున్నారని ఆవిడ భయం. ‘కాదమ్మా, కౌలుకో అద్దెకో ఇవ్వడమని దాని పాత అర్థం. రాజు పోతే రాజ్యం వారసుడికి దఖలు పడటాన్నీ ఆ మాటతోనే చెప్పేవారు, చావు అనే అర్థం తర్వాత అంటుకుంది’ అని చెప్పాను. అసలు ప్రమాదం కింది పేరాలో ఉంది. గోడ కూలినా, పైకప్పు కారినా మరమ్మతు ఖర్చంతా అద్దెకున్నవాళ్లదే! ‘హియరిన్‌బిఫోర్’ (ఇందులో ఇంతకుముందు), ‘దేరాఫ్’ (దానియొక్క) లాంటి మాటల మధ్య ఆ ముక్క ఆవిడ కంట పడనే లేదు.

తెలుగును అధికార భాష చేస్తూ 1966లోనే చట్టం తెచ్చుకున్నాం. ఇప్పటికీ ఆఫీసుల ఉత్తరాల్లో ‘డూ ద నీడ్‌ఫుల్’ పోలేదు. ఏం చేయాలో చెప్పకుండా ‘చేయవలసింది చేయండి’ అంటే దరఖాస్తు పెట్టుకున్న రైతు ఎవరిని అడగాలి? 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 19వ సెక్షన్ చూడండి. అధికారికి తెలియని, ఆ జిల్లాలో వాడుకలో లేని భాషలో దస్తావేజు ఉంటే, అనువాదం జతచేయందే రిజిస్టరు చేయకూడదు. అధికారికి అర్థం కావాలని అంత శ్రద్ధ! ఇల్లూ పొలమూ రాసిచ్చే మనిషికి అర్థమైందో లేదో ఎవరికి పట్టింది? సంతకం మీదేనా అని అడిగి, వేలిముద్ర వేయించుకుని పంపేస్తారు. ఈ మాటలు పుట్టిన ఇంగ్లండులోనే 1999లో సివిల్ కోర్టు నిబంధనలు మార్చి, మామూలు జనానికి తెలిసేలా, దావా వేసినవారిని ‘ప్లెయింటిఫ్’ అనడం మాని ‘క్లెయిమెంట్’ అన్నారు. మనం ఇంకా ప్లెయింటిఫ్ దగ్గరే ఉన్నాం.

పాత మాటల మీద నాకు కోపం లేదు. ఒప్పంద పత్రాన్ని ‘ఇండెంచర్’ అనే మాట ఎలా వచ్చిందో క్లాసులో ఎంతో ఇష్టంగా చెప్పేవాణ్ణి. ఒకే తోలు మీద రెండు ప్రతులు రాసి, మధ్యలో పళ్లు పళ్లుగా కోసి చెరొకటి ఇచ్చేవారు. తగువొస్తే రెండు ముక్కలూ కలిపి చూసేవారు. ఇంత చక్కటి సంగతులుండగా తప్పుడు అర్థాలు అచ్చువేయడమెందుకు?

వచ్చే ఆదివారం అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో ‘లెట్’కూ ‘దౌ’కూ సరైన అర్థాలు వేయండి. రిజిస్ట్రేషన్ శాఖవారు ఇంగ్లీషు దస్తావేజు తెచ్చిన ప్రతివారి చేతా తెలుగు ప్రతి జత చేయించి, సంతకానికి ముందు చదివి వినిపించే ఏర్పాటు చేయాలి. ఈ కోరికను వారి దృష్టికి తీసుకువెళ్లవలసింది కూడా మీరే.

– ఒక విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయుడు, తెనాలి