పక్క మేడ మీది అన్నకు కృతజ్ఞతలు

రాజమండ్రిలో మొన్నటి గాలివానకు మా డీడీ ఫ్రీ డిష్ గొడుగు తిరిగిపోతే, పక్క మేడకు చుట్టపుచూపుగా వచ్చిన మీరు పిలవకుండానే ఎక్కి వచ్చారు. ముందు గొడుగును నిలబెట్టే పైపు నిటారుగా ఉందో లేదో చూశారు. అది వంగితే ఏ కొలతా పనికిరాదట. ఫ్రీ డిష్ చానళ్లను పంపే జీశాట్-15 ఉపగ్రహం ఉండేది 93.5 డిగ్రీల తూర్పున కాబట్టి మనం ఆగ్నేయానికి, సుమారు 65 డిగ్రీల ఎత్తుకు చూడాలన్నారు. తెర మీద సిగ్నల్ స్ట్రెంత్ కాదు, క్వాలిటీ గీత చూడమని నన్ను టీవీ దగ్గర కూర్చోబెట్టి, గొడుగును వెంట్రుకవాసి చొప్పున జరిపారు. గొడుగు ముందుండి సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీని కాస్త మెలితిప్పగానే ఆ గీత లేచింది! నట్లు బిగించేటప్పుడు కదలకుండా పట్టుకున్నదీ మీరే. అమ్మ టెన్షన్ తీరింది. చాలా థాంక్స్ అన్నా. మీ స్పానర్ మా దగ్గరే ఉండిపోయింది, ఈసారి టీ తాగి తీసుకెళ్లండి.