జులై 25ను తెలుగులో చూడనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

జనవరి 20న అమెరికా అధ్యక్షుడు పదవీ ప్రమాణం చేస్తున్నాడంటే మన పత్రికలూ టీవీ ఛానళ్లూ ఆ సందడిని సొంత ఇంటి శుభకార్యంలా చూపిస్తాయి. 2025లో ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ ప్రమాణం చేస్తున్నప్పుడు బైబిల్ పట్టుకుని నిలబడిన ఆయన భార్య ఉషా చిలుకూరివి తెలుగు మూలాలు కాబట్టి ఆనాటి ఆసక్తి మరీ సహజం. విపరీతమైన చలి వల్ల వేడుకను వాళ్ల పార్లమెంటు అయిన క్యాపిటల్ భవనం ఆరుబయటి నుంచి లోపల రొటుండా అనే గుండ్రటి హాలులోకి మార్చారనీ, 1985లో రీగన్ రెండోసారి ప్రమాణం చేసినప్పుడు కూడా అలాగే జరిగిందనీ మా ఊరి టీ దుకాణంలో కూర్చున్నవాళ్లు సైతం చెప్పగలిగారు. ఇందులో నాకు తప్పేమీ కనిపించడం లేదు. నా బాధల్లా, అదే మనుషులను భారత రాష్ట్రపతి ప్రమాణం ఏ రోజున, ఎక్కడ, ఎలా జరుగుతుందని అడిగితే సమాధానం రాకపోవడమే. ఆ రోజు జులై 25.

నేను సాంఘికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. 2022 జులై 25, సోమవారం, ద్రౌపదీ ముర్ము ప్రమాణ స్వీకారం చేసిన రోజున పాడేరు మన్యంలోని ఒక బాలికల ఆశ్రమ పాఠశాలలో ఎనిమిదో తరగతి పిల్లలందరినీ టీవీ ముందు కూర్చోబెట్టాను. ఒక గిరిజన మహిళ తొలిసారిగా రాష్ట్రపతి అవుతున్న ఆ ఘట్టాన్ని మా పిల్లలు చూడకపోతే ఇంకెవరు చూడాలని నా ఆలోచన. దురదృష్టవశాత్తూ మేము పెట్టిన తెలుగు ఛానల్‌లో ప్రమాణం జరిగే పార్లమెంటు సెంట్రల్ హాల్ దృశ్యాలు తెరమీద కదులుతున్నంతసేపూ, ఎన్నికలో ఏ పార్టీ ఓట్లు ఎటు పడ్డాయన్న చర్చే వినిపించింది. హోం శాఖ కార్యదర్శి లేచి ఎన్నిక ప్రకటనను చదివినప్పుడూ, ప్రధాన న్యాయమూర్తి లేచి నిలబడినప్పుడూ, ఆమె హిందీలో ప్రమాణం చదువుతున్నప్పుడూ ఆ చర్చ ఆగలేదు. చివరికి ఆమె ప్రసంగం మొదలుపెడుతూ అన్న "జోహార్, నమస్కార్" మాత్రం పిల్లల చెవిన పడింది (జోహార్ అనేది గిరిజనుల పలకరింపు). వెనక వరుసలోని వాళ్లు కూడా మోకాళ్ల మీద లేచి చూశారు.

అంతకు ముందే, ప్రమాణం పూర్తయిన వెంటనే, పాత రాష్ట్రపతి, కొత్త రాష్ట్రపతి తమ కుర్చీలు మార్చుకున్నారు. వేదిక మీద అప్పటిదాకా రామ్‌నాథ్ కోవింద్ కూర్చున్న ఆసనంలో ముర్ము కూర్చున్నారు, ఆమె ఆసనంలోకి ఆయన వెళ్లారు. వ్యాఖ్యాత దీని గురించి ఒక్క మాటా అనలేదు. ముందు వరుసలోని ఒక అమ్మాయి, "సార్, ఆయన ఎందుకు లేచారు?" అని అడిగింది. పదవీకాలం ముగిసింది కాబట్టి చోటిచ్చారని చెప్పాను. "ఎవరూ లేవమనకుండానే లేచారా సార్?" అంది. ఆ ప్రశ్నతో ఆ రోజంతా పాఠం చెప్పగలిగాను.

ఎందుకంటే ఈ వేడుక మొత్తంలోనూ ఆ చోటివ్వడమే కనిపిస్తుంది. ఆనాటి ఉదయం ఎన్నికైనవారు రాజ్‌ఘాట్‌లో గాంధీజీకి నివాళి అర్పించి రాష్ట్రపతి భవన్‌కు వస్తారు. అక్కడి నుంచి పదవి దిగిపోయేవారు, చేపట్టేవారు ఇద్దరూ కలిసి, రాష్ట్రపతి అంగరక్షక దళపు అశ్వికులు వెంట నడవగా పార్లమెంటుకు బయలుదేరతారు. 1773లో బ్రిటిష్ గవర్నర్ వారన్ హేస్టింగ్స్ తన రక్షణకు ఏర్పాటు చేసుకున్న దళం అది. ఈనాడు ప్రజలు ఎన్నుకున్న ప్రతినిధుల ఓట్లతో గెలిచిన వ్యక్తికి గౌరవ సూచకంగా నడుస్తోంది. ప్రమాణం కాగానే 21 తుపాకుల వందనం మోగుతుంది, కొత్త రాష్ట్రపతి పుస్తకంలో సంతకం చేస్తారు, ఆ తర్వాత ప్రసంగిస్తారు. తిరిగి రాష్ట్రపతి భవన్ ముంగిట త్రివిధ దళాల గౌరవ వందనం జరుగుతుంది. పదవి దిగినవారికి అక్కడే లాంఛనంగా వీడ్కోలు పలుకుతారు. అన్నిటికన్నా నాకు నచ్చే ఘట్టం ఆ తర్వాతిది. 2017లో ప్రణబ్ ముఖర్జీని కోవింద్ వెంటబెట్టుకుని రాజాజీ మార్గ్‌లోని కొత్త ఇంటికి తీసుకెళ్లారు. 2022లో అదే కోవింద్‌ను ముర్ము జన్‌పథ్‌లోని ఇంటిదాకా సాగనంపారు. చుట్టాన్ని ఊరి పొలిమేర దాకా సాగనంపే మర్యాద తెలిసిన మనకు ఇది ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు, కళ్లారా చూపిస్తే చాలు.

ప్రమాణంలోని మాటలు కూడా వినదగినవి. మంత్రులు, పార్లమెంటు సభ్యులు రాజ్యాంగం పట్ల విధేయతతో ఉంటామని ప్రమాణం చేస్తారు. రాజ్యాంగం 60వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి మాత్రం రాజ్యాంగాన్నీ చట్టాన్నీ పరిరక్షిస్తానని, కాపాడతానని, భారత ప్రజల సేవకూ శ్రేయస్సుకూ అంకితమవుతానని ప్రమాణం చేయాలి. ఈ తేడాను పిల్లలకు బోర్డు మీద రాసి చెప్పడం వేరు, ఆ మాటలు ఒక మనిషి నోటి నుంచి వస్తుండగా వినిపించడం వేరు.

ఇక తెలుగువారికి ఈ తేదీతో ఉన్న బంధాన్ని మన మాధ్యమాలే చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు? జులై 25ను ఏ చట్టమూ నిర్ణయించలేదు. 1977 ఫిబ్రవరి 11న ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ పదవిలో ఉండగానే మరణించారు. అలా ఖాళీ ఏర్పడితే ఆరు నెలల లోపల ఎన్నిక జరగాలి, గెలిచినవారికి పూర్తిగా అయిదేళ్ల పదవీకాలం ఉంటుంది. ఆ ఎన్నికలో ఏకగ్రీవంగా గెలిచి జులై 25న ప్రమాణం చేసినవారు అనంతపురం జిల్లా ఇల్లూరు బిడ్డ, ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. ఎనిమిదేళ్ల ముందు, 1969లో, ఇదే పదవికి పోటీ చేసి మరో తెలుగు బిడ్డ వి.వి. గిరి చేతిలో ఓడిపోయిన మనిషి ఆయనే. ఆయన తర్వాత జైల్ సింగ్ మొదలు ముర్ము దాకా ప్రతి ఒక్కరూ ఆ తేదీనే పదవి చేపట్టారు, ఎందుకంటే ఆయన తర్వాత వచ్చినవారెవరి పదవీకాలమూ మధ్యలో తెగలేదు. 2022లో ముర్ము చేత ప్రమాణం చేయించిన ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ పూర్వపు కృష్ణా జిల్లా పొన్నవరం నుంచి వెళ్లినవారు. తెలుగువారిలో ఆయనకన్నా ముందు ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు 1967లో ఆ పదవికి రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికలో పోటీ చేశారు. ఆ విధంగా, ప్రధాన న్యాయమూర్తి హోదాలో రాష్ట్రపతి చేత ప్రమాణం చేయించిన మొదటి తెలుగువారు రమణగారే. ఈ సంగతులన్నీ ఆ రోజున రెండు నిమిషాలపాటు చెప్పడానికి వీలుపడనివా?

వేదిక గురించి కూడా ఒక మాట. 1950 జనవరి 26న రాజేంద్ర ప్రసాద్ ప్రమాణం చేసింది నేటి రాష్ట్రపతి భవన్ దర్బార్ హాల్లో. ఆ మధ్యాహ్నం ఆయన ఆరు గుర్రాల బండిలో ఢిల్లీ వీధుల మీదుగా ఇర్విన్ స్టేడియానికి ఊరేగింపుగా వెళ్లారు. జనం ఆ రోజును పండుగగా చూశారు. తర్వాతి కాలంలో ప్రమాణ స్వీకారం సెంట్రల్ హాల్‌కు చేరి అక్కడే స్థిరపడింది. రాజ్యాంగ నిర్మాణ సభ 1946 డిసెంబరు 9న మొదటిసారి కూర్చున్న హాలు అది. 1947 ఆగస్టు 14 అర్ధరాత్రి నెహ్రూతో పాటు సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రసంగించిన హాలు అది. ఆ రాజ్యాంగ నిర్మాణ సభలో దుర్గాబాయి, టంగుటూరి ప్రకాశం, సంజీవరెడ్డి సభ్యులుగా కూర్చున్నారు. 2023లో పార్లమెంటు సమావేశాలు కొత్త భవనానికి తరలిపోయాయి. కొత్త భవనంలో సెంట్రల్ హాల్ లేదు. పాత భవనం ఇప్పుడు సంవిధాన్ సదన్. రాజ్యాంగాన్ని కాపాడతాననే ప్రమాణానికి ఆ రాజ్యాంగం పుట్టిన చోటుకన్నా తగిన చోటు మరొకటి లేదు కాబట్టి, 2027లోనూ అక్కడే జరిపించాలని ప్రభుత్వానికి మీ పత్రిక ద్వారా మనవి చేస్తున్నాను.

మీకూ, తెలుగు ఛానళ్ల వారికీ నా అభ్యర్థన చాలా చిన్నది. ప్రస్తుత పదవీకాలం 2027 జులైలో ముగుస్తుంది. ప్రమాణానికి ముందురోజు సంచికలో ఆనాటి క్రమాన్ని గంటల వారీగా, 60వ అధికరణం తెలుగు పాఠంతో సహా ఒక పేజీలో ప్రచురించండి; బడుల్లో గోడకు అంటించుకుంటాం. ఛానళ్ల వారు హోం శాఖ కార్యదర్శి ప్రకటన చదివింది మొదలు కొత్త రాష్ట్రపతి సంతకం చేసేదాకా చర్చలను ఆపి, హాల్లోని ధ్వనిని యథాతథంగా వినిపిస్తూ, కింద తెలుగు అనువాదం వేయండి. కుర్చీలు మారే క్షణంలో మాత్రం ఎవరైనా ఒక్కరు, అక్కడ ఏం జరుగుతోందో పిల్లలకు అర్థమయ్యేలా రెండు వాక్యాల్లో చెప్పండి.

ఇట్లు,
విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు,
పాడేరు, అల్లూరి సీతారామరాజు జిల్లా