జడ సరిపోయింది, సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు

స్వెటర్ వెనక భాగంలో కేబుల్ జడ (కుట్లను ఒకదానిమీదొకటి దాటించి జడలా అల్లే పట్టీ) ఇప్పుడు కింది నుంచి పైదాకా ఎడమవైపే వాలుతోంది. 60 వరుసలు అల్లాక, 33వ వరుసలో ఒక మెలిక కుడివైపు తిరిగిందని బయటపడినప్పుడు "మొత్తం విప్పొద్దమ్మా, జడ ఒక్కటే జార్చు" (అంటే జడ కుట్లను మాత్రమే సూది నుంచి వదిలి విప్పు) అని ఆపిన పిన్నిగారికి మొదటి నమస్కారం. వరుసకు 108 కుట్లు, విప్పాల్సినవి 28 వరుసలు. అంటే 3,024 కుట్లు. జడలో ఉన్నవి 6 కుట్లే కాబట్టి 168 కుట్లతో పని అయిపోయింది.

ఫోన్‌లో ఫొటో తీసి నలుపు తెలుపులో చూడమన్న అక్కకి కూడా థాంక్స్. రంగు తీసేస్తే నీడలు మిగులుతాయి, మెలిక వాలు ఆ నీడల్లోనే తెలుస్తుంది. కారణమూ అక్కే చెప్పింది. మెలిక వేసేటప్పుడు మూడు కుట్లను పక్కన పట్టి ఉంచే పొట్టి సూదిని (కేబుల్ సూది) అల్లికకు ముందు ఉంచితే మెలిక ఎడమకు, వెనక ఉంచితే కుడికి వాలుతుంది. 33వ వరుసలో సూది వెనక్కి పోయింది.

పిన్నిగారు చెప్పిన వరస రాసి పెడుతున్నా, ఇంకెవరికైనా పనికొస్తుంది. జార్చే ముందే 32వ వరుసలోని ఆ 6 కుట్ల కుడి కాళ్ల (ప్రతి కుట్టు ఉచ్చుకి కుడి పక్కనుండే పోగు) గుండా సన్నటి, వేరే రంగు నూలు దారం ఎక్కించాలి. జారుడు అక్కడే ఆగుతుంది. ఇది చేయకపోతే ఊలు ఇంకా కిందికి పోతూనే ఉంటుంది. మిగతా కుట్లు జారకుండా సూదుల చివర్లకు రబ్బరు బ్యాండ్లు చుట్టాలి. ఆ తర్వాతే 6 కుట్లనూ సూది నుంచి వదిలి మెల్లగా లాగాలి. ఊలు పోగులు 28 నిచ్చెన మెట్లలా అడ్డంగా మిగులుతాయి.

అసలు పని ఇక్కడే. రెండు మొనలున్న పొట్టి సూదులు రెండు తీసుకుని, అన్నిటికన్నా కింద ఉన్న మెట్టుతో 6 కుట్లూ నిట్ (ముందువైపు వేసే మామూలు కుట్టు) అల్లి, కుట్లను సూది కుడి కొసకు జరిపి తర్వాతి మెట్టు అందుకోవాలి. జడ అంతా ముందువైపు నుంచే అల్లుతాం కాబట్టి పర్ల్ (నిట్‌కి తిరగేసిన కుట్టు) అవసరమే రాదు. 33, 41, 49, 57 వరుసల్లో సూది ముందు ఉంచి మెలిక వేయాలి. ఒక మెట్టు దాటేస్తే అది వెనకాల అడ్డపోగులా వేలాడుతుంది, అప్పుడు అక్కడిదాకా మళ్లీ విప్పాల్సిందే. ప్రతి కుట్టుకీ కుడి కాలు సూదికి ముందుండాలి. ఎడమ కాలు ముందుకొస్తే కుట్టు మెలితిరిగి బిగుస్తుంది. మొదటి కుట్లు బిగించి లాగితే ఆఖరి కుట్టుకి ఊలు చాలదు. ప్రతి వరుసా అయ్యాక సూది మొనతో ఒక్కో కుట్టునూ కొద్దికొద్దిగా లాగి ఊలు సమంగా పంచాలి.

కుట్టు సైజు మెట్టు పొడవును బట్టే వస్తుంది, సూది లావును బట్టి కాదు. అందుకే 4 మిల్లీమీటర్ల సూదితో అల్లిన దానికి 3.5 సూది చాలన్నారు, దూర్చడం తేలికైంది. వెదురు సూదులు ఇచ్చిన పక్కింటి ఆంటీగారికి ప్రత్యేకంగా చెప్పాలి. స్టీలు సూదుల మీద ఆరు కుట్లు నిలవవు, మధ్యలో జారిపోతాయి.

జడ పక్కనున్న పర్ల్ కుట్లు కాస్త వదులుగా కనిపించాయి. ఇది అసలు ఊలు కాబట్టి గోరువెచ్చని నీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి, తువ్వాలులో ఒత్తి, పరిచి ఆరబెట్టాక సర్దుకున్నాయి. అదే యాక్రిలిక్ అయితే ఇస్త్రీపెట్టె తాకించొద్దని పిన్నిగారి హెచ్చరిక. వేడికి పోగు చచ్చి, సాగిపోయి, మళ్లీ పాత రూపానికి రాదు.

ముందు భాగానికి ప్రతి మెలిక దగ్గరా ఒక పిన్ను గుచ్చుతూ వెళ్తున్నా. ఆంటీగారూ, మీ వెదురు సూదులు ఆదివారం తెచ్చిస్తాను.