ఆ చివరి స్లయిడ్ గురించి

మదనపల్లె,
ఆదివారం

బుజ్జీ,

ఆగస్టు పదిహేను సెమినార్ కోసం నువ్వు తయారుచేసిన స్లయిడ్లు నిన్న రాత్రి మీ నాన్నా నేనూ కూర్చుని చూశాం. 'జనగణమన'కూ మన ఊరికీ ఉన్న సంబంధం గురించని తెలియగానే అవ్వను కూడా పిలిచాను. 1919 ఫిబ్రవరిలో ఠాగూరు ఇక్కడికి రావడం, థియోసాఫికల్ కాలేజీలో ఉండడం, ఆ గీతాన్ని తనే ఇంగ్లీషులోకి మార్చడం, ప్రిన్సిపాల్ కజిన్స్ గారి భార్య మార్గరెట్ బాణీకి స్వరాలు రాయడం, అన్నీ సరిగ్గా రాశావు. చాలా సంతోషమేసింది.

చివరి స్లయిడ్ దగ్గర ఆగిపోయాను. 'ప్రపంచంలోకెల్లా ఉత్తమ జాతీయ గీతంగా యునెస్కో ప్రకటించింది' అని పెట్టావు. అది నిజం కాదు తల్లీ. యునెస్కో అలాంటి ప్రకటన చేయలేదు, చేయలేదని వాళ్ళే చెప్పారు కూడా. అయినా ఏళ్ళ తరబడి ఇది ఫోన్లలో తిరుగుతూనే ఉంది.

అడిగితే, "ఒక్కచోట కాదమ్మా, నాలుగైదు చోట్ల ఉంది" అన్నావు. నువ్వు పంపిన ఆ లింకులన్నీ తెరిచి చూశాను. అన్నింట్లోనూ అవే వాక్యాలు, అదే అచ్చుతప్పు. ఒకరు రాసింది మిగతావాళ్ళు ఎత్తి పెట్టుకున్నారు. అంటే నీ దగ్గరున్నది ఒకే ఒక్క సాక్ష్యం, అది ఎవరిదో కూడా తెలీదు.

నీది సోమరితనం అని నేను అనను. ఫోన్ తెర అలాంటిది. వెతకగానే పైన రెండు మూడు ఫలితాలే కనిపిస్తాయి. కొన్నింటి మీద 'స్పాన్సర్డ్' అని సన్నగా ఉంటుంది, అవి డబ్బు కట్టి పైకొచ్చినవి. ఇప్పుడు చాలాసార్లు వాటికంటే ముందే ఏఐ రాసిచ్చిన జవాబు వస్తోంది. పేజీ కిందికి జరిపితే అడ్రసు కూడా కనబడకుండా పోతుంది, ఎవరు రాసింది చదువుతున్నామో మర్చిపోతాం. కంప్యూటర్‌లోలాగా రెండు పేజీలు పక్కపక్కన పెట్టుకుని పోల్చడమూ కష్టమే.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. పోయినేడాది వాషింగ్ మెషీన్ పాడైనప్పుడు కస్టమర్ కేర్ నంబరు వెతికి, అన్నిటికన్నా పైన కనిపించిన నంబరుకే చేశాను. ఎనిమిది వేలు పోయాయి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇచ్చాం గానీ ఆ రాత్రంతా నిద్రపట్టలేదు. నీకు పరీక్షలు జరుగుతున్నాయి, టెన్షన్ పడతావని చెప్పలేదు.

అక్కకి సంబంధాలు చూసిన రోజులు గుర్తున్నాయా? అబ్బాయి వాళ్ళింట్లో కాఫీ తాగి, వాళ్ళు చెప్పింది విని అక్కడే మాటిచ్చేశామా? మీ నాన్న వాళ్ళ వీధిలో, అతని ఆఫీసులో, అంతకుముందు అద్దెకున్న ఇంటి దగ్గర కూడా వాకబు చేశారు. వెబ్‌సైటు విషయంలోనూ అదే చేయాలి. అది ఎంత మంచిదో దాన్నే అడిగితే ఏం చెబుతుంది?

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ అనేవాళ్ళు దీన్నే పరీక్షించారు. పదిమంది చరిత్రకారులకు, వార్తల్లో నిజమెంతో తేల్చే ఫ్యాక్ట్ చెకర్లు పదిమందికి, అదే యూనివర్సిటీలో చదివే పాతికమంది విద్యార్థులకు కొన్ని వెబ్‌సైట్లు చూపించి, నమ్మదగ్గవో కాదో తేల్చమన్నారు. విద్యార్థులే కాదు, పీహెచ్‌డీ చేసిన చరిత్రకారులు కూడా చాలామంది అక్కడే ఉండి పైనుంచి కింద దాకా చదివి, లోగో, పేరు చూసి మోసపోయారు. ఫ్యాక్ట్ చెకర్లు మాత్రం కాసేపటికే బయటికొచ్చి, ఈ సంస్థ ఎవరిదని వేరే ట్యాబుల్లో వెతికారు. తక్కువ చదివి, తక్కువ సమయంలో సరైన జవాబు చెప్పారు. ఫోన్‌లో ఇంకో ట్యాబ్ తెరవడం విసుగే, నాకు తెలుసు. అయినా తెరువు.

ఇంకొకటి. ఇది బ్రిటిష్ రాజు ఐదో జార్జి కోసం రాసిన పాట అనే మాట గురించి నువ్వు ఒక్క ముక్కా రాయలేదు. సెమినార్‌లో ఎవరో ఒకరు లేచి తప్పకుండా అడుగుతారు. 'జార్జి కోసం రాశాడా' అని వెతికితే ఆ మాట అనేవాళ్ళే ఎక్కువ కనబడతారు. అలా కాకుండా '1911 కలకత్తా కాంగ్రెస్ జనగణమన' అని వెతుకు. 1937లో పులిన్ బిహారీ సేన్‌కు రాసిన ఉత్తరంలో ఠాగూరే ఆ మాటను గట్టిగా కాదన్నాడు. ఆ ఉత్తరం గురించి ఎవరో చెప్పింది కాదు, ఉత్తరమే దొరికించుకుని చదువు. ఇంగ్లీషు అనువాదం దొరుకుతుంది.

చివరి స్లయిడ్ తీసేశాక ఆ చోటు ఖాళీగా ఉంచకు. రేపు పొద్దున్నే కాలేజీ దగ్గరికెళ్ళి ఫోటో తీసి పంపుతానన్నారు నాన్న. అవ్వ టమాటా ఊరగాయ పెట్టింది, బుధవారం బస్సు పార్సిల్‌లో వేస్తున్నాం. మార్చిన స్లయిడ్లు పంపు, అవ్వ మళ్ళీ చూస్తానంటోంది.

ప్రేమతో,
అమ్మ