వాసోప్రెసిన్ గురించి అమ్మడికి

శ్రీకాకుళం

అమ్మడూ,

ఒంట్లో నీళ్లు పొదుపు చేయించే హార్మోన్ వాసోప్రెసిన్ కదా, కణాల మీద అది అంటుకునే రిసెప్టర్లు మూడూ (వీ1ఏ, వీ1బీ, వీ2) కలగాపులగం అయిపోతున్నాయన్నావు. పేర్లు బట్టీ పట్టకు. ఏది ఎక్కడుందో పట్టుకో, పని దానంతటదే గుర్తొస్తుంది.

ఈ హార్మోన్ 9 అమైనో ఆమ్లాల చిన్న పెప్టైడ్. తయారయ్యేది హైపోథాలమస్‌లో. పిట్యూటరీ వెనక భాగం దాన్ని దాచి వదులుతుందంతే. అక్కడే తయారవుతుందని రాసి మార్కులు పోగొట్టుకునేవాళ్లకు ఏ బ్యాచ్‌లోనూ కొదవ లేదు. రక్తం ఆస్మొలాలిటీ, అంటే అందులో కరిగిన ఉప్పులాంటి వాటి చిక్కదనం, 1-2 శాతం పెరిగితే చాలు, విడుదల పెరుగుతుంది. దాహం మామూలుగా ఆ తర్వాతే. ఏప్రిల్ ఎండలో ఉద్దానంలో జీడిపిక్కలేరే మనిషికి నోరెండేసరికే కిడ్నీ నీళ్లు పొదుపు చేస్తూ ఉంటుంది.

ఆ పొదుపంతా వీ2 పని. అది కిడ్నీలో మూత్రం చివరగా పోయే గొట్టం, కలెక్టింగ్ డక్ట్, కణాలకు రక్తం వైపు గోడమీద ఉంటుంది. హార్మోన్ తగలగానే లోపల కబురు మోసే సైక్లిక్ ఏఎంపీ పెరిగి, సంచుల్లో ఉన్న ఆక్వాపోరిన్-2 అనే నీటి ద్వారం మూత్రం వైపు గోడకి చేరుతుంది. నీళ్లు అటునుంచి లోపలికొచ్చి, ఆక్వాపోరిన్-3, 4 గుండా రక్తంలోకి పోతాయి. ఈ రెండు గోడలూ తారుమారు చెయ్యకు. వీ1ఏ రక్తనాళాల కండరంలో ఉండి కాల్షియం పెంచి నాళాన్ని బిగిస్తుంది. వీ1బీ పిట్యూటరీ ముందు భాగంలో అడ్రినల్ గ్రంథిని కదిలించే ఏసీటీహెచ్ హార్మోన్‌ని వదిలిస్తుంది. వాసోప్రెసిన్‌ని పోలిన మందు డెస్మోప్రెసిన్ దాదాపు వీ2 మీదే పనిచేస్తుంది కనుక బీపీ పెంచదు.

రోజుకి పది లీటర్లు మూత్రం పోసే రోగి వస్తే, లోపం మెదడుదా, కిడ్నీదా? నీళ్లు ఆపి చేసే పరీక్ష అందుకే. ముందు సోడియం చూడు, అప్పటికే ఎక్కువుంటే ఆ పరీక్ష జోలికి పోకు. గంటగంటకీ బరువు, మూత్రం ఆస్మొలాలిటీ రాయాలి. బరువు 3 శాతం పడితే ఆపెయ్యాలి. తర్వాత డెస్మోప్రెసిన్ 2 మైక్రోగ్రాములు ఇస్తే ఆస్మొలాలిటీ 50 శాతం మించి పెరిగిందా, హార్మోన్ లేదని. పెద్దగా కదల్లేదా, కిడ్నీ వినడం లేదని. మానసిక జబ్బులకిచ్చే లిథియం వాడుతున్నారేమో తప్పక అడుగు, అదీ కిడ్నీని విననివ్వదు. ఇక పరీక్ష చెడేది ఎక్కువగా బాత్రూం కుళాయి దగ్గరే, రోగిని ఒంటరిగా వదలకు. ఇంజెక్షన్ అయ్యాక కడుపునిండా నీళ్లు తాగనిచ్చినా ముప్పే, సోడియం పడిపోతుంది.

హార్మోన్ ఆగకుండా వస్తే కథ తిరగబడుతుంది, నీళ్లు ఒంట్లో నిలిచి సోడియం పడిపోతుంది. ఆపరేషన్ తర్వాత వికారం, నొప్పి, మూర్ఛకిచ్చే కార్బమజిపిన్ లాంటి మందులు, ఇలా కారణాలు చాలా. అక్కడ నార్మల్ సెలైన్ ఎక్కిస్తే సోడియం ఇంకా తగ్గొచ్చు. ఎలాగో లెక్క చూడు: లీటరులో 308 మిల్లీఆస్మోల్స్. మూత్రం 616 దగ్గర బిగుసుకుపోయి ఉంటే ఆ ఉప్పంతా అర లీటరులోనే బయటికి పోతుంది. మిగతా అర లీటరు ఉత్త నీళ్లుగా ఒంట్లో ఉండిపోతుంది. పాతబడిన తక్కువ సోడియాన్ని 24 గంటల్లో లీటరుకి 8 మిల్లీమోల్స్ మించి పెంచకు, మెదడులో మైలిన్ దెబ్బతింటుంది.

ఉద్దానం కిడ్నీ జబ్బుకి కారణం ఇంకా తేలలేదు. ఎండలో ఒంట్లో నీళ్లు తగ్గడం అనుమానాల్లో ఒకటి, అంతే. కవిటి నుంచో సోంపేట నుంచో వచ్చినవాళ్లతో "నీళ్లు తాగకే ఇలా అయింది" అనేయకు. కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్, రాయించు.

నాన్న